చేతి మీద తేలు

కల్లూరులో చర్మం డాక్టరు దగ్గర నా కూతురు మణికట్టు మీది పచ్చబొట్టు పేరును లేజరుతో చెరిపించుకుంటాంటే గదంతా మాడు వాసన లేచింది. ఆ వాసనకు నా ముంజేతి మీది తేలు బొమ్మ పుట్టిన రోజు గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఏడేండ్లు. కోడుమూరులో మా వసారాలో కూర్చొని, పచ్చబొట్లు పొడిచే ఆమె దీపం మసిలో ఆకు పసరు కలిపి సూదులు ముంచింది. అవ్వ నా నోట్లో బెల్లంముక్క పెట్టి, "ఓర్చుకో పాపా, ఇదుంటే తేలుకు భయపడే పనే లేదు" అనింది. నేను ఏడవలేదు. ఇంక ఏ తేలూ నన్ను కుట్టదని మాత్రం ఖాయం చేసుకున్నా.

పుండు మానగానే చేనిగట్టు మీద రాయెత్తి, కింద దొరికిన తేలును ఆ చేత్తోనే దర్జాగా పట్టుకున్నా. అది బొమ్మను చూసి ఆగలేదు.

మంట తగ్గినాక, మోసపోయానన్న కోపంతో బొమ్మను ఇటుకముక్కతో రక్తం వచ్చేదాకా రుద్దినా. ఒక్క చుక్క కూడా పోలేదు. అవ్వ ఇటుకముక్క లాక్కొని, "కుట్టదని యెవరు చెప్పినారే నీకు? కుట్టినా తట్టుకుంటావని పొడిపిస్తి" అనింది. అవ్వ తప్పించుకుంటాందనుకున్నా.

లేజరు మళ్లీ టిక్కుమనింది.

"అమ్మా, శానా మంటగా ఉండాది" అంటూ నా కూతురు నా ముంజేతిని పట్టుకునింది. దాని గోళ్లు సరిగ్గా తేలు మీదే దిగినాయి. నేను చెయ్యి కదిలించలేదు.

"ఇంకా గట్టిగా పట్టుకో" అన్నా. "సూదినీ, తేలునూ, ఇటుకముక్కనూ ఓర్చుకున్న చెయ్యి ఇది. నీ గోళ్లొక లెక్కా!"