రేసు బండా, టూరింగ్ బండా? ఒడిబియ్యం మూటలతో అల్లాదుర్గ్ నుంచి మెదక్ దాకా

ఈ ప్రయాణం ఎందుకు చేశావని అడిగితే ప్రకృతి కోసమనో, మనశ్శాంతి కోసమనో రాయొచ్చు. కానీ అది అబద్ధం. అసలు కారణం కుళ్ళు. నా భార్య సుజాతకు లావణ్య అని ఒక చెల్లెలు ఉంది. లావణ్య భర్త మహేందర్ నాకు షడ్డకుడు, అంటే తోడల్లుడు. చేగుంటలో ప్లాట్ల వ్యాపారం. తెలంగాణ కోసం రోజూ ఏదో ఒకచోట రోడ్డు ఆగిపోతున్న ఈ రోజుల్లో కూడా అతని ప్లాట్లు ఆగకుండా అమ్ముడుపోతున్నాయి. నాది మెదక్‌లో చిన్న వీడియో స్టూడియో. బంద్ వస్తే పెళ్ళి వాయిదా పడుతుంది, పెళ్ళి వాయిదా పడితే నా కెమెరా సంచిలోనే ఉంటుంది. అలాంటి సమయంలో మహేందర్ ఎర్ర రేసు బండి కొన్నాడు. కొని ఊరుకోకుండా దాని మీద మా ఇంటికి వచ్చాడు. వచ్చి ఊరుకోకుండా, పోయేటప్పుడు గల్లీ చివరిదాకా ఎక్సిలేటర్ తిప్పుతూ పోయాడు. సుజాత గేటు దగ్గర నిలబడి అటే చూసింది. ఆ చూపు నాకు పడలేదు.

నేనూ బండి కొనాలనుకుంటున్న మాట నిజమే. హైదరాబాద్ షోరూం అతను రెండు రకాలు చూపించాడు. ఒకటి మహేందర్‌ది లాంటి రేసు బండి. హ్యాండిల్ కిందికి ఉంటుంది, కాళ్ళు వెనక్కి పెట్టుకోవాలి, నడిపేవాడు ట్యాంకు మీద బోర్లా పడుకున్నట్టే. వెనక సీటు చెక్కపీటంత, అదీ ఎత్తు మీద. రెండోది టూరింగ్ బండి. ఇంజను దాదాపు అంతే, ముందు గాలి కొట్టకుండా అద్దం, నిటారుగా కూర్చునే హ్యాండిల్, వెనక వెడల్పు సీటు, పట్టుకోవడానికి కడ్డీ. బుద్ధి టూరింగ్ అంటోంది, కడుపుమంట రేసు అంటోంది. ఏది కావాలో సోమవారం పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాలి, ఒకసారి చెప్పాక మార్చేది లేదన్నాడు షోరూం అతను.

సరిగ్గా ఆ ముందు ఆదివారమే అల్లాదుర్గ్‌లోని మా అత్తగారింట్లో అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఒడిబియ్యం పెట్టుకున్నారు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: పెళ్ళయిన ఆడపిల్లకు తల్లిగారు, అంటే పుట్టింటివాళ్ళు, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, రవికె గుడ్డలు ఒడిలో పోసి పంపుతారు. ఆ బియ్యం అత్తారింటికి తెచ్చి, వండి, నలుగురినీ పిలిచి పెట్టాలి. టూరింగ్ బండి నడిపి చూడడానికి నాకు ఇదే అదను అనిపించింది. చర్చి దగ్గర స్కూల్లో లెక్కలు చెప్పే నా స్నేహితుడు డేవిడ్ సార్ దగ్గర టూరింగ్ బండి ఉంది. ఒక్క రోజుకు అడిగాను. "తీస్కపో, గని కడిగి తేవాలె" అన్నాడు.

మెదక్ నుంచి ఏడు గంటలకు బయల్దేరాం. పాపన్నపేట, టేక్మాల్ మీదుగా అల్లాదుర్గ్ గంటన్నర దారి, టీ కోసం ఆగితే రెండు గంటలు. పెట్రోలు డెబ్బై దాటిన ఈ రోజుల్లో కూడా రానూపోనూ రెండు వందల్లో అయిపోతుంది. బస్సులు ఉన్నాయి కానీ ఏ రోజు నడుస్తాయో ఎవరూ చెప్పలేరు. పాపన్నపేట దాటాక రోడ్డుకు రెండు వైపులా మంజీర నీళ్ళ వరి, నాట్లు వేసే ఆడవాళ్ళు, బురద చక్రాలతో రోడ్డెక్కే ట్రాక్టర్లు. ఆ బురద మీద మాత్రం బ్రేకు గట్టిగా కొట్టకండి. సుజాత పక్కకు కాళ్ళు పెట్టి హాయిగా కూర్చుని, ఏ పొలం ఎవరిదో, ఏ ఇంట్లో ఎవరు అలిగారో చెబుతూనే ఉంది. నేను ఊఁ కొడుతున్నాను కానీ మనసంతా మహేందర్ అప్పటికే చేరిపోయాడేమోనన్న దాని మీదే ఉంది.

చేరిపోయాడు. మా మామ ఇంటి ముందు ఎర్ర బండి, దాని చుట్టూ సగం వాడకట్టు. లావణ్యను ముందు రోజే బస్సులో పంపి తను ఒక్కడే బండి మీద వచ్చాడట. నేను దిగుతుంటే మా మామ డేవిడ్ సార్ బండిని ఒకసారి చూసి, "మంచిగున్నది. పాల క్యాన్లు గూడ పడ్తయా?" అని అడిగాడు. మెచ్చుకోలుగానే అన్నాడు, నాకు తెలుసు. అయినా నా ఒళ్ళు మండింది. భోజనాల దగ్గర మహేందర్‌కు రెండుసార్లు కూర వేసిన మా అత్త నా దగ్గరికి వచ్చేసరికి గిన్నెలో రసమే మిగిలింది. ఆమె కావాలని చేసిందని అనను. కానీ నేను చూశాను.

మూడు గంటలకు తిరుగు ప్రయాణం. ఇద్దరికీ ఒడి నింపారు, తర్వాత బియ్యాన్ని తెల్ల బట్టల్లో మూట కట్టి ఒళ్ళో పెట్టారు. లావణ్య బస్సులో పోతానంది. మహేందర్ ఒప్పుకోలేదు.

"బండి ఉండంగ బస్సెందుకు? అక్క బండి మీద పోతుంటే నువ్వు బస్సుల పోతవా? నలుగురు ఏమంటరు?" అన్నాడు.

అంటే మహేందర్‌కూ నా బండి మీద కన్ను పడిందన్నమాట. ఆ మాట విన్నాక అన్నం అరిగింది. లావణ్య పట్టుచీరతో ఆ చెక్కపీట మీద పక్కకు తిరిగి ఎక్కింది. ఒళ్ళో మూట, పట్టుకోవడానికి కడ్డీ లేదు, చీర చక్రంలో పడకుండా కంపెనీ ఇచ్చిన గార్డును అందం పోతుందని మహేందరే పీకించేశాడు. చీర కుచ్చిళ్ళు ఒక చేత, మూట ఒక చేత, ఇంక మొగుడిని పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు పాపం.

టేక్మాల్ దాటి పాపన్నపేటకు ఇవతల ఒక మలుపు తిరగగానే రోడ్డు మీద రాళ్ళు, రాళ్ళ వెనక పొయ్యిలు. వంటావార్పు. రాష్ట్రం ఇచ్చేదాకా ఇంట్లో కాదు, రోడ్డు మీదే వండుకు తింటామని ఊరు ఊరంతా వచ్చి గుండిగలు ఎక్కించింది. ముందు పోతున్న మహేందర్ మలుపులో రాళ్ళు చూసి ఒక్కసారిగా ముందు బ్రేకు కొట్టాడు. బండి ఆగింది. లావణ్య ఆగలేదు. ఎత్తు సీటు మీంచి జారి అతని వీపును రాసుకుంటూ పక్కకు వచ్చి కాళ్ళ మీదే నిలబడింది, దెబ్బ తగల్లేదు. కానీ మూట ముడి ఊడి ఒడిబియ్యం మొత్తం తారు మీద ఒలికిపోయాయి. ఎర్ర బండి పక్కన పచ్చటి బియ్యం. అది చూసిన మొదటి క్షణం నాకు సంతోషమే కలిగింది. దాచి ప్రయోజనం లేదు.

రెండో క్షణం లావణ్య మొహం చూశాను. తల్లిగారి ఒడిబియ్యం దారిలో ఒలికితే ఎంత అపశకునమో ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ చెప్పి ఉంటారు. రోడ్డు మీదే కూలబడి రెండు చేతులతో బియ్యం దగ్గరికి లాగుతూ ఏడుస్తోంది. సుజాత తన మూట నా చేతిలో పెట్టి చెల్లెలి దగ్గరికి పరుగెత్తింది. మహేందర్ బండి స్టాండు వెయ్యడం కూడా మరిచి పట్టుకునే నిలబడ్డాడు.

పొయ్యి దగ్గరున్న ఒక పెద్దమ్మ గరిటె పక్కన పెట్టి వచ్చింది. "ఏడ్వకు బిడ్డా. ఏ ఊరు మీది?"

"తల్లిగారిది అల్లాదుర్గం. ఒడిబియ్యం వెట్టిండ్రు. గిట్లయింది" అంది సుజాత.

"గాయింత దానికే గింత పరేషానా? కింద వడ్డయి కడిగి ఎసట్ల పోద్దాం. ఒడిబియ్యం నలుగురు తినాలె గదా, గిప్పుడు ఊరంత తింటది. లే, ఒడి వట్టు." వెనక్కి తిరిగి కేకేసింది. "ఓ సత్తెమ్మా, యాదమ్మా, రాండ్రి గిట్ల! పసుపు తేండ్రి!"

ఊరివాళ్ళు ఇంటికింత వేసుకుని తెచ్చిన బియ్యం బస్తా అక్కడే ఉంది. కూరలోకి తెచ్చిన పసుపు ఉంది. ఐదుగురు ఆడవాళ్ళు వరుసగా వచ్చి లావణ్య కొంగులో దోసిళ్ళు పోశారు. "తల్లిగారిల్లు ఆడుంటే ఏంది, గీడ మేము లేమా?" అంది పెద్దమ్మ. నడిరోడ్డు మీద, జై తెలంగాణ నినాదాల మధ్య, ఒక ముక్కూమొహం తెలియని ఊరు మా మరదలికి తల్లిగారిల్లయింది. నా కెమెరా ఇంట్లో ఉంది. తీయాల్సిన రోజున తేలేదు.

తినకుండా ఎవరినీ పోనివ్వలేదు. మీరు ఈ దారుల్లో పోతుంటే గుర్తుంచుకోండి, వంటావార్పు తగిలితే పక్క దారి వెతకొద్దు, కూర్చుని తినడమే పద్ధతి. కడిగిన ఒడిబియ్యం కలిసి అన్నం కొంచెం పచ్చగా ఉడికింది, పప్పుచారు పోసుకుని విస్తరి ఖాళీ చేశాం. ఇంత జరిగినా ఊరి యువకులంతా ఎర్ర బండి దగ్గరే, ఒకరి తర్వాత ఒకరు ఎక్కి ఫోన్లలో ఫోటోలు దిగుతున్నారు. నా బండి హ్యాండిల్‌కు ఎవరో తువ్వాలు ఆరేశారు. ఒక ముసలాయన దాన్ని ఆనుకుని చుట్ట కాలుస్తున్నాడు.

సాయంత్రం రాళ్ళు తీసి దారి ఇచ్చేటప్పుడు పెద్దమ్మ మహేందర్ ముందు నిలబడింది. "గా ఎర్ర దాని మీద ఆడివిల్లను ఎక్కియ్యకు కొడుకా. గీ బండి మీద తీస్కపో" అని డేవిడ్ సార్ బండి చూపించింది. పెద్దమ్మ మాట కాదనే ధైర్యం మాకు లేదు. బండ్లు మారాయి. ఒక మూట లావణ్య ఒళ్ళో, ఇంకోటి అదే బండి ట్యాంకు మీద. సుజాత చేతులు ఖాళీ.

"ఇన్ని దినాల సంది దాన్నే జూస్తున్నవ్. నడుపు, నేను గూడ ఎక్కి చూస్త" అంది నాతో, రేసు బండి ఎక్కుతూ.

ఇక అక్కణ్ణుంచి మెదక్ దాకా నేను కోరుకున్న బండి మీద ప్రయాణం. నిజం రాయాలి కదా, ఆ ఇంజను శబ్దానికి మొదట గుండె పొంగింది. కాసేపటికి మణికట్లు లాగాయి, తర్వాత మెడ. సుజాత నా భుజాలు రెండూ గట్టిగా పట్టుకుని ఏదో చెబుతోంది. శబ్దం తెలుస్తోంది, మాట తెలియడం లేదు. "ఏందీ?" అంటే మళ్ళీ చెబుతోంది, అదీ గాలికి పోతోంది. ముందు మహేందర్ నిటారుగా కూర్చుని నింపాదిగా పోతున్నాడు. లావణ్య అతని చెవి దగ్గర తల పెట్టి మాట్లాడుతోంది. అతను తల ఊపుతున్నాడు, నవ్వుతున్నాడు. గంట క్రితం ఏడ్చిన పిల్ల కూడా నవ్వుతోంది. నా కడుపులో మంట మళ్ళీ రాజుకుంది, ఈసారి ఆ టూరింగ్ బండి మీద. పొద్దుటి నుంచి నా కిందే ఉన్న బండి అది.

దూరం నుంచి చర్చి శిఖరం కనబడింది. చౌరస్తాలో మిర్చీ బండి దగ్గరివాళ్ళు తలలు తిప్పి చూశారు. "అన్నా, కొత్త బండా? మస్తున్నది!" అని తెలిసినతను అరిచాడు. నెలల తరబడి నేను కలగన్న మాట అది. "నాది గాదు" అన్నాను చిరాగ్గా, ఎందుకంటే టూరింగ్ బండి అప్పటికే మా గల్లీలోకి తిరిగిపోయింది.

ఇంటి ముందు మహేందర్ దిగలేదు. తాళం చెవి కూడా ఇవ్వలేదు. "అన్నా, జర చేగుంట దాక గిదే తీస్కపోత. పొద్దుగాల తెచ్చిస్త. నా బండి నీ తాన్నే ఉండనీ" అన్నాడు. డేవిడ్ సార్‌కు ఫోన్ చేస్తే సరేనన్నాడు. అలా ఎర్ర రేసు బండి మా వాకిట్లో నిలబడింది. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూనే వెళ్ళిపోయారు, నేను మలుపు దాకా చూశాను.

సుజాత ఒడిబియ్యం మూట దేవుడి దగ్గర పెట్టి వచ్చాక అడిగాను. "దారంత ఏం చెప్పుకుంట వచ్చినవ్?"

"ఏ బండి తీస్కోవాలెనో చెప్పిన. నాకేది ఇష్టమో, ఎందుకిష్టమో అంత చెప్పిన."

"ఏది మరి? నాకు ఒక్క ముక్క వినవడలే."

"మంచిది. మళ్ళ చెప్పను" అని కాళ్ళు కడుక్కోవడానికి పోయింది.

సోమవారం పొద్దున టూరింగ్ బండి కావాలని ఫోన్ చేశాను. దాంతో కుళ్ళు తగ్గిందా అంటే తగ్గలేదు. మహేందర్ ఇప్పటికీ ఎర్ర బండి మీదే వస్తాడు, గల్లీ ఇప్పటికీ అటే చూస్తుంది, నాకు ఇప్పటికీ మండుతుంది. ఎదుటివాడి బండి ఎప్పుడూ మన బండి కన్నా నాలుగు ఆకులు ఎక్కువే చదువుకుని ఉంటుంది. ఆ రోజు నన్ను భయపెట్టింది మాత్రం మంట కాదు. నా వెనక కూర్చున్న మనిషి అంత దూరం తన మనసులో మాట చెబుతూ వస్తే, ఊరంతా నన్ను చూస్తోంది కానీ నాకు ఒక్క ముక్క వినబడలేదు. ఆమె నిజంగా ఏ బండి అన్నదో ఇంతవరకూ చెప్పలేదు. రేసు బండే అని ఉంటుందేమోనని ఒక్కోసారి అనుమానం కూడా వస్తుంది. కొనబోయేవాళ్ళకు నా సలహా ఒక్కటే: షోరూంలో ఒంటరిగా నడిపి చూసి మురిసిపోకండి. రోజూ వెనక కూర్చునే మనిషిని, రోజూ కట్టే బట్టలతోనే ఎక్కించుకుని రోడ్డు మీదికి పోండి. అరవై వేగంలో వాళ్ళను ఏదో ఒకటి చెప్పమనండి. వినబడితే బయానా ఇవ్వండి.