జానెడు తగ్గిన నా మొదటి బొమ్మ

ఉద్యోగం మానేసి మోడర్న్ పెయింటింగులు వేయడం మొదలుపెట్టాక, అమ్ముడుపోయిన మొదటి బొమ్మ యాప్రాల్‌లో ఒక ఆంటీ ఇంట్లో ఉంది. గోడ మీద ఎలా ఉందో చూద్దామని ఈ రోజు మధ్యాహ్నం వెళ్లాను. ఏసీకీ కిటికీకీ మధ్య సరిగ్గా ఇమిడిపోయింది. కానీ ఎడమవైపు జానెడు కాన్వాసు లేదు.

"ఇటువైపు ఇంకా ఉండాలి కదా ఆంటీ?" అన్నాను.

"గోడకు పట్టలే బిడ్డా. ఫ్రేము కట్టెటాయన జెర కోసిండు. అటు దిక్కు ఉత్త రంగులే ఉండె కదా, ఏమైతది," అంటూ చాయ్ ఇచ్చింది.

ఆ ఉత్త రంగుల మీదే నేను మూడు వారాలు కూర్చున్నాను. నా సంతకమూ అటే ఉండేది. చాయ్ తాగి వచ్చేశాను.

సికింద్రాబాద్ బస్సులో, ఫోన్‌లో ఆ బొమ్మ పాత ఫోటో తెరిచి ఎడమవైపు బొటనవేలు అడ్డం పెట్టి చూశాను. వేలు తీశాను, మళ్లీ పెట్టాను. అడ్డం పెట్టినప్పుడే బొమ్మ బాగుంది.

ఇంట్లో గోడకు ఆనించి ఇంకో తొమ్మిది బొమ్మలున్నాయి. వాటిని ఎక్కడ కోయాలో ఆ ఫ్రేములాయన్ని అడగనా? మీరైతే అడుగుతారా?