వార్సిని వదిన రాణి వేషం

మా వదిన వార్సిని ఇరవై రెండేళ్లు కాలిన్యమత్ రాణి వేషం కట్టింది. జెపారా చుట్టుపక్కల ఏ ఊళ్లో భూమిపండగ జరిగినా మా కెతోప్రాక్ నాటకం ఉండాల్సిందే, అందులో వదిన ఉండాల్సిందే. మొగుణ్ణి చంపించిన పెనాంగ్సాంగ్ మీద పగబట్టి, కోట వదిలి, వాడి జుట్టుతో కాళ్లు తుడుచుకునేదాకా దిగనని ఒట్టేసి కొండ మీద తపస్సుకు కూర్చున్న రాణి మా జెపారా ఆడపడుచు. మా ముసలమ్మలు ఆమెను సొంత అమ్మమ్మలా తలుచుకుంటారు. వదిన మొహానికి రంగు వేసేది నేను. నాటకం నడిపేది, పెనాంగ్సాంగ్ వేషం కట్టేది మా అన్న సర్పాన్. తోడబుట్టినవాడే అయినా చెబుతున్నాను, వాడికి సిగ్గూ శరం లేవు.

పోయిన ఏడు వాడు సెమరాంగ్ నుంచి తియారా అనే పిల్లను తెచ్చాడు. ఏదో టీవీ సీరియల్లో రెండు రోజులు వెనకాల నిలబడిందట. ముందు నాటకంలో చేర్చాడు, మూడు నెలలకు చాటుగా నికా చేసుకున్నాడు. అంతటితో ఆగినా వదిన ఏడ్చి ఊరుకునేదేమో. రాణి వేషం కూడా ఆ పిల్లకే కట్టబెట్టాడు.

"ఇప్పుడు జనానికి కావాల్సింది అనింద్య," అన్నాడు, వదిన వడ్డించిన అన్నం తింటూనే. అనింద్య ఆ సీరియల్లో నాయిక. మొగుణ్ణి చంపినవాడి ఇంట్లోనే పనిమనిషిగా చేరి, నవ్వుతూ నవ్వుతూ వాళ్ల కొంప కూలుస్తుంది. "మీ రాణి ఏం చేసింది? జుట్టు విరబోసుకుని కూర్చుంది, చంపే పని వేరేవాళ్లకు అప్పజెప్పింది. అనింద్య అయితే తన చేత్తోనే తీర్చుకుంటుంది. నువ్వు ఇక దాసి వేషం కట్టు."

"రాణి తన పగ దాచుకోలేదు, లోకానికి చెప్పి మరీ కూర్చుంది," అంది వదిన. "దాచుకుని నవ్వడం నాకు చేతకాదనుకున్నావా?"

వాడు ఇంకాస్త కూర వేయమన్నాడు.

ఆ రోజు నుంచి వదిన ఆ పిల్లకు టీ కలిపి ఇచ్చింది, జుట్టు దువ్వింది, నోరారా చెల్లీ అని పిలిచింది. చూడలేక, "నీకు పౌరుషం చచ్చిందా వదినా?" అని అడిగేశాను.

"నువ్వు రంగులు కలుపుకోవే," అంది.

మా నాటకానికి రాసిన మాటలుండవు. ఆటకు ముందు అందర్నీ కూర్చోబెట్టి కథ చెబుతారు, వేదికెక్కాక ఎవరి మాటలు వాళ్లే అల్లుకోవాలి. రాణిగా తియారా మొదటి ఆట కెడుంగ్ ఊళ్లో, మధ్యాహ్నం. కథ చెబుతున్నంతసేపూ తియారా ఫోన్లో ఫొటోలు దిగుతూ కూర్చుంది. చివర్లో వచ్చి, "నేనేం మాట్లాడాలక్కా?" అంది.

"ఏముంది చెల్లీ, నేను అడుగుతాగా. అనింద్య ఏమంటుందో అదే అను."

కొండ రంగం వచ్చింది. దాసి వేషంలో వదిన చేతులు జోడించి, "అమ్మా, ఈ కొండ ఎప్పుడు దిగుతారు?" అని అడిగింది.

ఆ పిల్ల వయ్యారంగా నవ్వింది. "ఇప్పుడే! మంచి బట్టలు కట్టుకుని పెనాంగ్సాంగ్ ఇంట్లో వంటమనిషిగా చేరతాను."

"ఏంటీ, మా రాణి వాడికి వండిపెడుతుందా?" ముందు వరసలో ఒక ముసలమ్మ చెప్పు చేతబట్టి లేచింది. "దింపండర్రా దాన్ని!"

వేరుశనగ తొక్కలు వేదిక మీద వానలా కురిశాయి. తియారా ఏడుస్తూ లోపలికి పరిగెత్తింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

వదిన మెల్లగా కొప్పు విప్పి రాణి చోట కూర్చుంది. పక్కన తెర చాటున నిలబడ్డ మా అన్న వైపు తిరిగి, "నా బతుకు కూల్చినవాడి జుట్టుతో కాళ్లు తుడుచుకునేదాకా ఈ కొండ దిగను!" అంది. వాళ్ల సంసారం సంగతి ఊరంతటికీ తెలుసు. ఈలలే ఈలలు.

ఆఖరి రంగంలో చచ్చిన పెనాంగ్సాంగ్ విగ్గు తెచ్చి రాణి ముందు పెడతారు. మామూలుగా బొటనవేలితో తాకి వదిలేస్తుంది. ఆ రోజు తీరిగ్గా కూర్చుని, వేళ్ల సందులతో సహా ఒక కాలు తుడుచుకుంది.

"చాల్లే, తెర దించండి!" తెర చాటు నుంచి మా అన్న పళ్లు నూరాడు.

"ఇంకో కాలుంది," అంది వదిన, ఊరంతా వినేలా.

మర్నాడు పొద్దున వాడు వంటింటి గుమ్మంలో తలొంచుకుని నిలబడ్డాడు. "తియారా వెళ్లిపోయింది. వేషం నీదే. ఇక పగ తీరిందిగా?"

వదిన బియ్యం కడుగుతూ తలెత్తలేదు.

"పెనాంగ్సాంగ్ ఒక్కసారే చచ్చాడు. నువ్వు ప్రతి ఆటకీ చావాలి," అంది. "పై వారం పాతి ఊళ్లో ఆట ఉంది. ఆ విగ్గు ఉతికి ఆరేసుకో, నా కాళ్లకు మురికంటుతోంది."