వాయిదా అడిగిన నోరు

సంగారెడ్డి కోర్టులో నల్లకోటు వేసుకున్న మొదటి ఆడమనిషిని నేనే. ఇప్పుడు ఆ మాట చెబితే చప్పట్లు కొడతారు. ఎనభైల చివర్లో మాత్రం వకీళ్లు కూర్చునే బార్ రూములో నాకు కుర్చీ కూడా లేదు. ఎవరైనా టీకి లేస్తే కూర్చోవాలి, ఆయన తిరిగొస్తే లేవాలి.

మా సీనియర్ మహిళా దినం నాడు అమెరికాలో ఆడవాళ్లు వకీళ్లు కావడానికి ఎంత కొట్లాడారో గంటసేపు ఉపన్యసించాడు. మర్నాడు పొద్దున్నే నా చేతిలో ఫైలు పెట్టి, "జెర పోయి వాయిదా తీస్కరా బిడ్డా" అన్నాడు. రెండేళ్లు నాకిచ్చిన పని అదొక్కటే. ఒళ్లు మండేది. మండుతూనే వెళ్లి అడిగేదాన్ని.

అప్పుడు పటాన్‌చెరు పక్క ఊరి నుంచి ఒక రైతుమనిషి సీసా పట్టుకొచ్చింది. అందులో ఆమె బావి నీళ్లు, బెల్లం పానకం రంగులో ఉన్నాయి. ఫ్యాక్టరీ వదిలే నీళ్లు బావిలోకి దిగి రెండెకరాల వరి మాడిపోయింది. ఆ నీళ్లు ఆపమని వేసిన కేసు మూడేళ్లుగా వాయిదాల్లోనే ఉంది.

"ఎప్పుడు పోయినా వాయిదానే అడుగుతడని పాత వకీలు సార్‌ను ఇడిసిపెట్టిన. ఆడిదానివి, నువ్వైతే కొట్లాడతవ్" అంది. నా సొంతానికి వచ్చిన మొదటి కేసు అది. వారం రోజులు కూర్చుని ప్రతి కాగితం చదివాను.

కేసు పిలిచారు. లేచాను. నా నోరు దాని పాటికి అది అనేసింది: "వాయిదా ఇప్పించండి సార్."

ఫ్యాక్టరీ వకీలు వెంటనే, "మాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. జడ్జి తేదీ రాసేశాడు. "కాదు సార్, నేను వాదిస్తాను" అనేసరికి తర్వాతి కేసు పిలిచేశారు. వెనక బెంచీల్లో నవ్వులు.

బయట ఆమె నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నువ్వు సుత గదే అంటివి గదమ్మా" అంది.

ఆ నవ్విన వాళ్ల మీద, రెండేళ్లు నాకు ఒకే ఒక్క మాట నేర్పిన పెద్దమనిషి మీద, అన్నిటికన్నా నా నోటి మీద పట్టరాని కోపమొచ్చింది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

తెల్లారి, ఆ తేదీ కన్నా ముందే కేసు వినమని పిటిషన్ పట్టుకెళ్లాను. ఆమె సీసాతో నా పక్కనే నిలబడింది. గుమాస్తా కాగితం చూసి నవ్వాడు.

"నిన్న వాయిదా అడిగింది మీరే గద మేడం?"

"నేనే. తప్పు నాదేనని అండ్ల రాసిన. సదువుకో, ముద్ర కొట్టు."

బార్ రూము మొత్తం తలుపు దగ్గరికి వచ్చి చూసింది. ముద్ర పడేదాకా మేమిద్దరం అక్కణ్నుంచి కదల్లేదు.