నేను తుడిచిన ముప్పై ఒక్క బొమ్మలు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు నేను కర్నూలులో ఒక ట్రస్టు నడిపే చిన్న మ్యూజియంలో కన్జర్వేషన్ అసిస్టెంటుగా ఉన్నాను. హోదాలో క్యురేటర్ తరువాత నేనే. లోపలికి ఏ వస్తువు వచ్చినా ముందు నా బల్ల మీదికి రావాలి. నంబరు వేసి, ఎక్కడ పగిలింది, ఎక్కడ మరక పడింది అని కండిషన్ రిపోర్టు రాసి, మెత్తని బ్రష్షుతో దుమ్ము దులిపాకే హాలులోకి పంపేవాడిని. ఇంట్లోనూ ఇదే వరస కాబట్టి మా ఆవిడ నన్ను దుమ్ముసారు అనేది.

ఆ ఫిబ్రవరిలో ఎమ్మిగనూరు నేతవారి అమ్మాయి శశికళ తన మొదటి ప్రదర్శనకు నలభై బొమ్మలు పంపింది. పసుపు జుట్టు, పిడికెడు నడుము, తెల్లటి ఒళ్లు ఉండే ఆ ప్లాస్టిక్ బొమ్మ ఆడపిల్లలున్న ప్రతి ఇంటికీ తెలిసినదే. వాటికి నూలు చీర ముక్కలు చుట్టి, పాత మగ్గం మీద వరుసగా కూర్చోబెట్టాలి. దేన్ని దేనితో చేసిందో వివరిస్తూ పెట్టెలో ఒక కాగితం కూడా పెట్టింది. నేను దాన్ని చదవకుండా ఫైల్లో పడేశాను. రాతి విగ్రహాలు శుభ్రం చేసినవాడిని, ప్లాస్టిక్ బొమ్మలకు కాగితమెందుకన్న పొగరు నాది.

ప్రదర్శన ప్రారంభానికి ముందురోజు పని మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి ముప్పై ఒక్క బొమ్మలు తడిగుడ్డతో తుడిచేశాను. అప్పుడే శశికళ వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏం జేసినారు సార్ ఇది?"

మురికిగా ఉంటే తుడిచానని చెప్పాను.

"మురికి కాదు సార్ అది. మా మామ చేని నల్లరేగడి. రెండేండ్లు కూర్చోని ఒక్కోదానికి మూడు పూతలు పూసినా. చిన్నప్పుడు ఈ బొమ్మతో ఆడుకుంటా, నా రంగు చూసుకోని శానా ఏడుస్తాంటి. అందుకే దీన్ని నా రంగు జేసినా."

ఆమె రెండేళ్ల శ్రమను ఒక్క పూటలో తుడిచేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. రిపోర్టు చూపించమంది. చూపించాను. ప్రతి నంబరుకూ ఎదురుగా 'ఒంటినిండా మురికి' అని నా చేతిరాత. ఆమె అంతా చదివింది.

"మీరొక్కరే కాదులే సార్. నల్లగుంటే మురికే అనుకుంటారు అందరూ. ఈ కాగితం నాకియ్యండి, బొమ్మల పక్కన పెడ్తా."

ఆఫీసు రికార్డు బయట పెట్టడం కుదరదని, మ్యూజియం పరువు పోతుందని క్యురేటర్ అన్నారు. తప్పు నాది, నా సంతకంతోనే నకలు పెట్టనివ్వమని ఆయనను బతిమాలి ఒప్పించాను. ఆమె దగ్గర సగం బకెట్ మట్టి మిగిలి ఉంది. పొద్దుగూకేదాకా ఇద్దరమూ కూర్చుని పూశాం. మందంగా పూస్తే పగులుతుందని రెండుసార్లు నా చేత చెరిపించి మళ్లీ పూయించింది. మూడు పూతలకు వ్యవధి లేక ఒక్కటితో సరిపెట్టుకున్నాం.

మరునాడు వచ్చినవాళ్లు బొమ్మల దగ్గరకన్నా నా రిపోర్టు నకలు దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డారు. ఒకరిద్దరు నవ్వారు. చాలామంది నవ్వలేదు.

ఫిర్యాదు రాసి ఉంటే నా సర్వీసుకు మచ్చ పడేది. ఆమె అది రాయకుండా, నా కూతురి వయసులో ఉండి నాకు పని నేర్పింది. ఆ మేలు నేను మరువలేను. చేసినవాళ్లు బతికి ఉంటే, బ్రష్షు పట్టేముందు వాళ్లను అడగాలి. రిటైరయ్యేదాకా నా రిపోర్టుల్లో మట్టి, మసి, నూనె అని కనిపించినదే రాశాను. మురికి అని మాత్రం మళ్లీ రాయలేదు.