రాహుకాలంలో తప్ప రాయని చేయి

మీ ఇంట్లో రాహుకాలాన్ని అందరికంటే నిష్ఠగా పాటించేది ఎవరు? మీ అత్తగారా, పురోహితుణ్ణి అడగకుండా గడప దాటని మీ నాయనా, లేక ఇదంతా బూటకమని సభల్లో బల్ల గుద్ది చెప్పే మీరా? తొందరపడకండి. నేను తొందరపడి చాలా ఏళ్లు తప్పు జవాబు చెప్పాను.

డెబ్బైల చివర్లో నేను తిరుపతిలో బడిపంతులుగా పనిచేసేవాణ్ణి. పాఠాలు చెప్పగా మిగిలిన సమయంలో మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాసేవాణ్ణి. ఏదో ఒక చర్చావేదికలో గెలిచిన ఉత్సాహంలో ఒక నియమం పెట్టుకున్నాను. నా ప్రతి వ్యాసాన్నీ రాహుకాలంలోనే మొదలుపెట్టాలి. జనం ఏ గంటన్నరకు భయపడి తలుపులు వేసుకుంటారో ఆ గంటన్నరలోనే నా కలం మూత తీయాలి. అప్పుడు నాకది గొప్ప తిరుగుబాటుగా తోచింది.

తిరుగుబాటుకు టైము తెలియాలి కదా. ఒక క్యాలెండరు కొని, పైనున్న దేవుడి బొమ్మను కత్తిరించేసి, కింద ఉన్న రాహుకాలాల పట్టికను మాత్రం నా బల్ల ఎదుట గోడకు అంటించాను. సోమవారం ఏడున్నర, మంగళవారం మూడు, బుధవారం పన్నెండు. కొన్నాళ్లకు పట్టిక చూడాల్సిన పని కూడా లేకపోయింది. బుధవారం బడిలో భోజనం మానేసి ఖాళీ తరగతి గదిలో రాసుకునేవాణ్ణి. ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడకూడదు.

మా వీధిలో వాళ్లకు నేను నాస్తికుణ్ణని తెలుసు. రాహుకాలం తడుముకోకుండా చెప్పేవాణ్ణని కూడా తెలుసు. రెండో సంగతే వాళ్లకు పనికొచ్చింది. ఎదురింటి అవ్వ గేటు దగ్గరి నుంచే కేకేసేది. "అయ్యోరా, ఈ పొద్దు ఎప్పుడు?" నేను అలవాటు కొద్దీ "పదిన్నర నుంచి పన్నెండు" అనేవాణ్ణి. "సల్లంగా ఉండు నాయనా" అని వెళ్లిపోయేది.

ఇలా ఉండగా చిత్తూరులో వెలువడే ఒక వారపత్రికలో ఒక జ్యోతిష్యుడు పెద్ద వ్యాసం రాశాడు. రాహుకాలంలో మొదలుపెట్టిన ఏ పనీ పూర్తికాదనీ, దమ్ముంటే హేతువాదులు వచ్చే సంచికలోనే జవాబివ్వాలనీ సవాలు విసిరాడు. సంపాదకుడు నాకు కార్డు రాశాడు. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి కరెంటు తీసేస్తారు, ఆలోగా నా జవాబు అచ్చయితే సరి, కాకపోతే ఆ పేజీలో ఉగాది సంచికకు ఎక్కువై మిగిలిపోయిన రాశిఫలాలు వేస్తానన్నాడు. నా జవాబు ఉండాల్సిన చోట రాశిఫలాలు! ఊళ్లో మళ్లీ తలెత్తుకోలేను.

ఆదివారం నాలుగున్నరకు కూర్చున్నాను. కొండకు వచ్చిన బంధువులు వడమాలపేట నుంచి సరిగ్గా అప్పుడే దిగి, ఆరు దాకా కాఫీలు తాగారు. సోమవారం ఏడున్నరకు కూర్చున్నాను. తిరుచానూరుకు బయల్దేరిన ఎదురింటి అవ్వ దారిలో రాహుకాలం సంగతి గుర్తొచ్చి, అది పోయిందాకా ఉండి పోతానని మా అరుగు మీద చతికిలబడింది. తొమ్మిది దాకా తన చిన్నల్లుడి కడుపునొప్పి గురించి చెప్పింది.

ఆమె వెళ్లాక నా భార్య వంటింట్లోంచి అంది. "ఆయమ్మ అది పోవాలని కూసునింది. మీరు అది రావాలని కూసుంటారు. ఇద్దరికీ ఏం తేడా ఉండాదో నాకైతే తెలీడం లేదు."

"నాది నిరసన" అన్నాను.

"సరే. ఆ నిరసన ఇప్పుడు తొమ్మిదింటికి చేయండి చూద్దాం."

కలం పట్టుకున్నాను. ఒక్క మాట రాలేదు. ఎండ ఎక్కువగా ఉందన్నాను. ఆమె చింతపండు పిసకడంలో పడింది.

మంగళవారం పొద్దున్నే బస్సెక్కి చిత్తూరు వెళ్లాను. ప్రెస్సులోనే కూర్చుని రాసిచ్చేద్దామని నా ఆలోచన. అక్కడ సాయిబు ఒకాయన కంపోజిటరు. నా అక్షరాలు పోల్చుకోగలిగిన మనిషి భూమ్మీద ఆయనొక్కడే. అచ్చక్షరాలు పేర్చే స్టిక్కు చేతిలో పట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు. పదకొండయింది. పదకొండున్నరయింది. నా కాగితం మీద శీర్షిక కూడా లేదు.

"ఇంకు లేదా సార్?"

"ఉంది."

"ఒంట్లో బాగలేదా?"

"బాగుంది."

"మరి?"

చివరికి చెప్పాను. మంగళవారం కదా, మూడు కావాలి అన్నాను. ఆయన స్టిక్కు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

"మూడుకి కరెంటు పోతాది సార్. మిషను ఆడదు."

"తెలుసు."

"ఆ జ్యోతిష్యం అప్ప చానా నయం సార్. పోయిన మంగళవారం మూడు దాటినాక కూసుని నాలుగ్గంటలకి ఈడనే, ఈ బల్ల మీదే రాసిచ్చి పోయినాడు. బస్సుకి టైమయింది అన్నాడు. ఆయప్ప ఇవన్నీ చూసుకోడు."

రాహుకాలంలో మొదలుపెట్టిన పని పూర్తికాదని చెప్పే వ్యాసాన్ని ఆ మహానుభావుడు రాహుకాలంలోనే మొదలుపెట్టి, రాహుకాలంలోనే ముగించి, బస్సు కూడా పట్టుకున్నాడు! ఇంతకంటే ఆయుధం ఏం కావాలి? వెంటనే రాసేద్దామని కలం ఎత్తాను. చేయి కదల్లేదు. ఆ ఆయుధం వాడటానికి కూడా మూడు కావాలి.

రాతిబల్ల మీద రాశిఫలాలు అప్పటికే కంపోజై, దారంతో కట్టి ఉన్నాయి. నా వైపే ఉన్నది మీనరాశి అనుకుంటాను.

సాయిబు స్టూలు లాగి గోడకు వేసుకున్నాడు. ఎక్కాడు. గడియారం అద్దం తలుపు తెరిచి, పన్నెండు దగ్గరున్న ముల్లును వేలితో మూడు దాకా తిప్పి దిగాడు.

"మూడయింది సార్. రాయండి."

ఆయన తిప్పడం నేను నా కళ్లతో చూశాను. అది మూడు కాదని తెలుసు. వీధిలో మిట్టమధ్యాహ్నపు ఎండ కనిపిస్తూనే ఉంది. అయినా గడియారం వైపు ఒకసారి చూశాను, కలం మూత తీశాను, రాశాను. ఆగకుండా రాశాను. ఒక్కొక్క కాగితం నా చేతిలోంచి ఆయన లాక్కుని అక్షరాలు పేరుస్తూ పోయాడు. గంటన్నరలో వ్యాసం అయిపోయింది. జ్యోతిష్యుడి మంగళవారం బండారం అందులో పడింది. చివరి వాక్యం ఇది: "ఏ ఘడియకూ తలవంచని చేయి ఈ వ్యాసం రాసింది."

సాయిబు ఆ కాగితం దగ్గర ఆగాడు. గడియారం చూశాడు, నన్ను చూశాడు.

"సార్, ఈ లైను ఉంచమంటారా?"

ఆ ప్రశ్న ఏ చర్చావేదికలోనూ నన్ను ఎవరూ అడగలేదు. తీసేయమంటే వ్యాసం చప్పబడిపోతుంది. ఉంచితే అబద్ధం. రాశిఫలాల వైపు చూస్తూ "ఉండనీ" అన్నాను. ఆయన ఆ అక్షరాలన్నీ ఏరి పేర్చాడు. మిషను ఆడి, కరెంటు పోయే లోపల నా పేజీ అచ్చయింది. నేను బస్టాండుకు బయల్దేరేటప్పుడు ఆయన మళ్లీ స్టూలెక్కి ముల్లును వెనక్కి తిప్పుతున్నాడు.

జ్యోతిష్యుడు జవాబివ్వలేదు. పాఠకుల ఉత్తరాలు మాత్రం కట్టలుగా వచ్చాయి. అందరికీ నచ్చింది ఆ చివరి వాక్యమే. ఒకాయన దాన్ని ఫ్రేము కట్టించుకున్నానని రాశాడు. ఆ ఉత్తరాలు చదివి వినిపిస్తే నా భార్య చెప్పింది ఒకటే. "ఆ సాయిబుకి కూడా ఒక ఉత్తరం రాయండి. రాహుకాలం దాకా ఆగకుండా రాయండి." ఆ ఉత్తరం రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఏ వేళ మొదలుపెట్టానో చెప్పను. ఆ తర్వాత పట్టికను గోడ మీది నుంచి పీకేశాను, ఎవరడిగినా రాహుకాలం చెప్పడం మానేశాను. ఎదురింటి అవ్వ నెలరోజులు నాతో మాట్లాడలేదు.

ఆ వ్యాసాన్ని తర్వాత రెండు సంకలనాల్లో వేశారు. రెండుసార్లూ ఆ వాక్యాన్ని అలాగే పోనిచ్చాను. అందుకే ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను. వాటిలో ఏ పుస్తకమైనా మీ బీరువాలో ఉంటే బయటికి తీయండి. ఆ వ్యాసం చివరి పేజీ తెరిచి, ఆఖరి వాక్యాన్ని నల్లసిరాతో అడ్డంగా కొట్టేయండి. ఈ క్షణమే చేయండి. గడియారం వైపు మాత్రం చూడకండి.