ఉప్పునీళ్ల సీసా

ఈ ఉదయం ఒక పాత పెట్రోల్ వ్యాన్ బానెట్ ఎత్తగానే టిక్కు టిక్కుమని సన్నటి చప్పుడు వినిపించింది. ప్లగ్గుకు చేరవలసిన నిప్పురవ్వ దారిలోనే వైరు పగులులోంచి బయటపడి ఇంజన్ ఇనుముకు తగులుతున్న చప్పుడు అది. విన్నప్పుడల్లా అప్పలరాజు మేస్త్రి గుర్తొస్తాడు. ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

గాజువాక ఆటోనగర్‌లో ఆయనది రేకుల షెడ్డు. బళ్లకు కరెంటు పని చేసేవాడు. పుట్టింది యారాడలో, చేపలవేట ఇంట్లో. "సముద్రం మీదకెల్తే నాకు వాంతులు బాబూ, అందుకే ఇటొచ్చేసినాను" అని తన మీద తానే నవ్వుకునేవాడు. నేను పెళ్లయ్యాక, డిప్లొమా చేతబట్టుకుని ఆయన దగ్గర పనికి చేరాను. చదువుకున్నానన్న పొగరు నాకు దండిగా ఉండేది.

పాత బళ్లకు, నిప్పురవ్వకు కరెంటు పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ తీసేసి మరింత బలమైనది బిగించడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. యారాడ దారిలోని ఘాట్ రోడ్డు ఎక్కే బళ్లవాళ్లంతా అదే అడిగేవారు. బిగించాక మాత్రం ఒక తంతు ఉండేది. యారాడ నుంచి సీసాలో తెచ్చుకున్న సముద్రపు నీళ్లు నడుస్తున్న ఇంజన్ వైర్ల మీద చిలకరించి, తల మీద గోనెపట్టా కప్పుకుని ఆ చీకట్లో బానెట్ లోపలికి చూసేవాడు. ఎక్కడైనా నిప్పురవ్వ బయటపడి నీలంగా మెరిస్తే ఆ వైరు మార్చాల్సిందే. నాకు నవ్వొచ్చేది.

"కాయిలొక్కటే బలంగుంటే సాలదు బాబూ. మోసుకెల్లే వైరుకీ బలముండాల. మా ఊరి గాలి ఉప్పుది, ఈడ బాగున్న బండి ఆడ ఆగిపోద్ది" అనేవాడు.

ఆయన భార్య తరఫు చుట్టాల పెళ్లికి వెళ్లిన రోజున నూకరాజు వ్యాన్‌ను అతని పనివాడు తెచ్చి వదిలి వెళ్లాడు. నూకరాజు మేస్త్రి చెల్లెలి భర్త. యారాడ చేపలు గాజువాక బజారుకు చేరవేసేవాడు. కొత్త కాయిల్ నేనే బిగించాను. ఇంజన్ గుక్క తిప్పుకోకుండా నడిచింది. సీసా కిటికీలో కనిపిస్తూనే ఉంది. గోనెపట్టా కప్పుకోవడం నామోషీ అనిపించి, పాత వైర్లతోనే బండి పంపేశాను.

మర్నాడు తెల్లవారుజామున సన్నటి వానలో ఆ వ్యాన్ ఘాట్ మీద ఆగిపోయింది. ఎంత తిప్పినా అంటుకోలేదు. ఎండెక్కేసరికి నాలుగిళ్లవాళ్ల వేట బండిలోనే పాడైపోయింది. సాయంత్రం నూకరాజు ఆ వ్యాన్‌ను షెడ్డుకు లాగించుకొచ్చి విరుచుకుపడ్డాడు.

"మనోల్లకే ఇలాగ సేత్తావేటి బావా? నిన్ను నమ్మే కదేటి బండి ఇచ్చినాను!"

మేస్త్రి బానెట్ ఎత్తి పాత వైర్ల వంక చూశాడు, ఆ తరవాత నా వంక చూశాడు. "ఎవరు బిగిస్తే ఏటి, షెడ్డు నాది. తప్పు నాదే. నీల్లు సల్లడం నానే సూసుకోవాల" అన్నాడు.

"నువ్వే బిగించినావన్న మాట" అన్నాడు నూకరాజు. మేస్త్రి కాదనలేదు. నేను పక్కనే ఉన్నాను, చేతిలో స్పానర్‌తో. దాన్నే గుడ్డతో తుడుస్తూ ఉండిపోయాను.

అతను వెళ్లిపోయాక "ఎందుకలా చెప్పారు మేస్త్రిగారూ?" అని అడిగాను.

"నువ్వు కొత్తోడివి. నీ పేరు పోతే మల్లీ రాదు. ఆల్లు నావోల్లే కదా, నాలుగు రోజులకి మర్సిపోతారు."

వాళ్లు మర్చిపోలేదు. యారాడ బళ్లు మా షెడ్డుకు రావడం మానేశాయి. ఊరి పండగకు వెళ్లినా ఎవరూ సరిగ్గా పలకరించలేదని ఒకసారి అన్నాడు, నా వైపు చూడకుండా. వచ్చే వారం వెళ్లి నిజం చెప్పేద్దామని ఎన్ని వారాలు అనుకున్నానో. ఈలోగా ఆయన పోయాడు. దహనానికి వెళ్లి కూడా నోరు విప్పలేని పిరికివాణ్ణి నేను.

ఇప్పుడు ఆ షెడ్డు నాదే. నీళ్లు చిలకరించకుండా ఒక్క బండినీ వదలను. ప్రతి ఆదివారం సీసా పట్టుకుని యారాడ వెళ్తాను. దారి నూకరాజు ఇంటి ముందునుంచే.

"ఏటి, నీల్లకేనా? మా బావ ఆ రోజు మర్సిపోయినాడు గానీ నువ్వు మర్సిపోవు" అంటాడు అరుగు మీద నుంచి.

నేను తల ఊపి, సీసా నింపుకుని వచ్చేస్తాను.